నిలువు పరీక్ష

"వాళ్లు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది సుప్రియ. ఆ ఒక్క మాటా ప్రార్థన మందిరం గోడలకి తగిలి, పైన బద్ధకంగా తిరుగుతున్న ఫ్యాను గాలిలో కలిసిపోయి చాలాసేపయింది. రెండో మాట రాలేదు. అడగాల్సింది అడిగేసింది కనక ఫణిశ్రీకి ఇక మిగిలిన పని ఊరుకోవడం ఒక్కటే. ఆ ఊరుకోవడమే ఈ పరీక్షలో అన్నిటికన్నా కష్టమని అటూ ఇటూ కుర్చీల్లో కూచున్న ఇద్దరు మగవాళ్లకీ ఇప్పుడిప్పుడే తెలిసొస్తున్నట్టుంది. పిల్ల ఆలోచిస్తున్నంతసేపూ అందించకూడదు, తొందరపెట్టకూడదు, గొంతు సవరించుకున్నా తప్పే. సాయంత్రం ప్రార్థన గంట కొట్టేదాకా ఆ నిశ్శబ్దం పిల్ల సొత్తు. ఫణిశ్రీకి చదువు చెప్పిన ఎజ్రా మాస్టారు ఎప్పుడో పెట్టిన నియమం అది. కొవ్వూరు ఏటిగట్టు మీద దొరసానులు కట్టించిన ఈ మిషన్ బడిలో లాటినూ తర్కమూ కంఠతా పట్టించి, పట్టినదాన్ని నలుగురిలో వాదించి నిలబెట్టుకోమనే పాతకాలపు చదువు ఇంకా బతికే ఉంది. ఆ చదువంతా ఒక ఎత్తు, ఈ నిలువు పరీక్ష ఒక ఎత్తు. పదో తరగతి అయ్యాక పైన రెండేళ్ల పెద్ద చదువుకి వెళ్లాలంటే కాగితం ఉండదు, కలం ఉండదు, ముగ్గురు పెద్దల ముందు నిలబడి మాట్లాడాలి. మార్కులూ ఉండవు. మనసుకి నచ్చితే "కూర్చో" అంటారు, చాలకపోతే "రేపు రా" అంటారు. నువ్వు తప్పావు అని ఈ గదిలో ఎవరూ ఎవరినీ అన్న పాపాన పోలేదు.

ఈ ఏడాది వచ్చిన చిక్కల్లా ఆ రేపుతోనే. ఈసారి రేపు లేదు. పై తరగతిలో చేరేవాళ్ల పేర్లు ఇవాళే కంప్యూటర్లో ఎక్కించెయ్యాలని ప్రిన్సిపాల్ డేనియల్ పొద్దున్నే చెప్పేశాడు. గంట కొట్టేలోగా సుప్రియ నోరు విప్పితే పెద్ద చదువు, విప్పకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి. "ఇంకొక్క పిల్ల ఇలా నీళ్లు నముల్తూ నిలబడిపోయిందంటే, వచ్చే ఏటినించి రాతపరీక్ష పెట్టేద్దామండి ఫణిశ్రీగారూ. మీరు కూర్చో అన్న మాటని నేను ఏ కాలేజీకి పట్టికెళ్లి చూపించనండి?" అన్నాడు. కోపంగా అనలేదు, అదీ వచ్చిన బాధ. డేనియల్ చెడ్డవాడైతే హాయిగా పోట్లాడొచ్చు. ఈ బళ్లోనే చదివి, బెంగుళూరులో పెద్ద పెద్ద చదువులు చదివి, ఎక్కువ జీతం వదులుకుని మళ్లీ ఈ గట్టు మీదికే వచ్చిన కుర్రాడు. వంతెన దాటితే రాజమండ్రి, ఇటు దిగితే భీమవరం, ఎక్కడ చూసినా కోచింగు సెంటర్ల వాళ్లు పిల్లల మొహాలు ఫ్లెక్సీల మీద పెళ్లికొడుకుల్లా వేసుకుంటున్నారు. మీ బళ్లో ఫస్టెవరండీ అని తల్లిదండ్రులు అడిగితే పాపం డేనియల్ దగ్గర సమాధానం లేదు. నిరుడు ఒక పిల్లాడు ఇక్కడ నిలబడి నిలబడి బావురుమన్నాడు. వాళ్ల నాన్న వచ్చి, ఇది పరీక్షా పంచాయితీయా అని నానా గొడవా చేశాడు. ఆ రోజు కూడా ప్రశ్న అడిగింది ఫణిశ్రీయే.

ఇటుపక్క మూడో కుర్చీలో సత్తిరాజుగారు చెప్పులోంచి కాలు తీస్తున్నారు, మళ్లీ పెడుతున్నారు. రైసుమిల్లు ఆసామి. మూడో కుర్చీ ఎప్పుడూ ఊళ్లోవాళ్లకే ఇస్తారు, అదీ ఆ పాఠం ఎరగనివాళ్లకి. చదువుకోనివాడికి తెలిసేలా చెప్పలేకపోతే నీకూ తెలీనట్టే అనేవారు ఎజ్రా మాస్టారు. ఒక ఏడు మిఠాయి కొట్టాయన, ఇంకో ఏడు కాలవ లాకుల దగ్గర పనిచేసే ఆయన, ఒకసారి మంత్రసాని కూడా కూచుంది. సత్తిరాజుగారు వచ్చీ రావడంతోనే "నాకేం తెలుసండి బాబూ, నేను పదో తరగతి కూడా గట్టెక్కలేదు" అని నవ్వేశారు గానీ, సుప్రియ లాటిను గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే నోరెళ్లబెట్టి విన్నారు. డేనియల్ తర్కంలో నాలుగు మెలికలు వేస్తే నాలుగూ విప్పేసింది. ఇక కూర్చో అనడమే తరువాయి అనుకుంటుండగా ఫణిశ్రీ ఆ చివరి ప్రశ్న వేసింది. వెయ్యకపోతే పోయేది కదా! సత్తిరాజుగారి కళ్లు ఇప్పుడు అదే అంటున్నాయి.

ఎందుకు వేసిందంటే, తననీ చిన్నప్పుడు అదే అడిగారు కనక. ఇదే మందిరంలో, ఇదే ఎండాకాలంలో, ఇదే కిటికీలోంచి ఏట్లో ఇసకతిప్పలు కనపడుతుండగా. అప్పుడు ఫ్యాను లేదు. తాటాకు విసనకర్రలుండేవి, వాటి చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తాతయ్య గోపాలకృష్ణమూర్తిగారు తనని ఈ బళ్లో వేస్తానన్న రోజు ఇల్లు దద్దరిల్లింది. మేనత్త మాణిక్యాంబ చేతిలో గరిట చేతిలోనే ఉండగా వీధి అరుగు మీదికొచ్చి, "వేదపనసలు చెప్పే ఇంట్లో పిల్లని కిరస్తానీ బడికి పంపుతావా నాన్నా, రేపు మెళ్లో సిలవేసుకుని వస్తుంది" అంది. తాతయ్య తొణకలేదు. "అప్పజెప్పించుకునే బడి ఇదొక్కటే మిగిలిందే. దేవుడు వాళ్లవాడైతేనేం, అప్పజెప్పడం మనదేగా" అన్నారు. ఆ మాటకి అత్తయ్య జవాబు పసుపునీళ్లే. రోజూ సాయంత్రం బడినించి రాగానే పెరటి గుమ్మం దగ్గర నెత్తిన చిలకరించి, బట్టలు మార్చుకుంటే గానీ వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆ నీళ్ల చల్లదనానికి తను పరుగెత్తుకుంటూ వచ్చేదని పిచ్చి అత్తయ్యకి ఎప్పుడూ తెలీలేదు. ఇప్పుడా పెరడూ లేదు, అత్తయ్యా లేదు. ఎంత ఎండలో నడిచొచ్చినా నెత్తిన అలా చల్లేవాళ్లు లేరని ఫణిశ్రీకి ఇప్పటికీ ఏడుపొస్తుంది.

అప్పజెప్పడంలో తనకి తిరుగు లేదనుకునేది. తాతయ్య నేర్పిన పద్ధతి అలాంటిది, మొదలెత్తుకుంటే ఇక చివరకంటా సాగిపోవడమే. ఎవరైనా మధ్యలో ఆపితే మాత్రం మళ్లీ మొదటికి వెళ్లాలి. ఎజ్రా మాస్టారికి ఆ సంగతి మొదటి రోజే తెలిసిపోయింది. సన్నగా, పొడుగ్గా, ఉతికి ఉతికి నీలం వెలిసిపోయిన చొక్కాతో వచ్చి, "నడిమధ్యలోంచి ఎత్తుకోమ్మా" అన్నారు. తెల్లమొహం వేసింది. "మొదట్నించి అయితే కాళ్లు అలవాటుగా నడిచిపోతాయమ్మా. దారి తెలిసినవాళ్లు మధ్యలో దింపినా ఇంటికెళ్లగలరు" అన్నారు నవ్వి. ఆ ఏడంతా మధ్యలోనే దింపారు. లాటిను మధ్యలో, లెక్క మధ్యలో, కథ మధ్యలో. తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు, "రేపు రామ్మా" అనేవారు. ఆ మాటకి పిల్లలు జడుసుకునేవారు, ఆ మాట కోసమే వెళ్లేవారు కూడా. రేపు రమ్మన్నాడంటే రేపు తన కోసం ఒకాయన ఎదురుచూస్తాడని కదా. ఈ రోజుల్లో ఏ పరీక్ష ఏ పిల్లని రేపు రమ్మంటుంది? సున్నా పెట్టి పంపేస్తుంది. డేనియల్‌కి ఈ మాట చెప్పాలని ఎన్నిసార్లో అనుకుంది, చెప్పబోయి, "మా రోజుల్లో" అని మొదలుపెట్టి, ఆ రెండు మాటలు వినగానే కుర్రవాళ్ల మొహాల్లో వచ్చే మర్యాదైన నవ్వు చూసి ఆపేసేది.

సుప్రియ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చింది. లేతాకుపచ్చ పంజాబీ డ్రెస్సు, నూనె పెట్టి బిగించి వేసిన జడ, కాళ్లకి తెల్లారకట్టే కడిగినట్టున్న ప్లాస్టిక్ చెప్పులు. పెదాలు కదలడం లేదు. కళ్లు మాత్రం కిటికీ అవతల ఎక్కడో ఉన్నాయి. భయపడి ఆగిందా, లేక చెప్పాల్సింది ఎక్కువై ఆగిందా? మౌనం కూడా రెండు రకాలు, బావిలో నీళ్లు లేక బొక్కెన ఊరికే రావడం ఒకటి, నీళ్లు లోతుగా ఉండి చేద అందకపోవడం ఒకటి. ఇన్నేళ్లుగా పిల్లల మొహాలు చూస్తున్నా పై నుంచి చూసి చెప్పలేకపోతోంది. ఏం చేస్తున్నాను నేను, అనుకుంది ఫణిశ్రీ. నా చిన్నప్పటి ముచ్చట తీర్చుకోడానికి ఈ పిల్ల బతుకుని పణం పెట్టలేదు కదా? ఈ పిల్లది భీమవరం పక్క పల్లెటూరు. వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాక తండ్రి బతుకుతెరువు కోసం ఎటో పోయాడని చెప్పారు, తల్లి సూర్యకళ రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్తుందట. హాస్టల్లో దింపిన రోజు చూసింది ఆవిణ్ణి, మంచు గడ్డల్లో నాని వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కుర్చీ చూపించి కూర్చోమంటే "పర్లేదండి" అని గోడకి ఆనుకుని నిలబడింది. "మా పిల్లని కొట్టకండి టీచరుగారండీ, చదువుద్దండి" అని మాత్రం అంది. రాతపరీక్ష అయితే ఈ పిల్ల ఈపాటికి గట్టెక్కేసేది. ఏదో ఒక గడిలో చుక్క పెట్టి వెళ్లిపోయేది. డేనియల్ చెప్పేది నిజమేనేమో. తను పట్టుకుని వేలాడుతున్నది చదువుని కాదేమో, ఒక వెలిసిపోయిన నీలం చొక్కానేమో.

వంతెన మీదికి రైలెక్కింది. కిటికీ ఊచలు సన్నగా కంపించాయి. డేనియల్ చేతిగడియారం చూసుకోబోయి, నియమం గుర్తొచ్చి చెయ్యి దించేశాడు. తన పరీక్ష రోజు ఫణిశ్రీ నిలబడి ఉన్నప్పుడు కూడా రైలు వెళ్లింది. అప్పటి ప్రశ్నా ఇదే, సువార్తలో కథ, ఈ బళ్లో చదివిన ఏ పిల్లని లేపి అడిగినా చెప్తుంది. ద్రాక్షతోట ఆసామి పొద్దున్నే కొందర్ని కూలికి పిలిచాడు, మధ్యాహ్నం కొందర్ని పిలిచాడు, పొద్దు వాలుతుండగా సంతవీధిలో ఇంకా నిలబడి ఉన్నవాళ్లని చూసి వాళ్లనీ పిలిచాడు. చీకటిపడ్డాక అందరికీ ఒకే కూలి ఇచ్చాడు. అది న్యాయమా? తను ఎంత బాగా చెప్పిందో! ఆసామి పొద్దున వచ్చినవాళ్లకి మాట ఇచ్చినంతా ఇచ్చాడు, ఆసామి వాళ్లకి అన్యాయం చెయ్యలేదు. సాయంత్రం వచ్చినవాళ్లకి ఆసామి ఇచ్చింది కూలి కాదు, దానం. ఆసామి దానానికి లెక్క అడిగే హక్కు ఎవరికీ లేదు. తర్కం ఎక్కడా బీటవారలేదు. పక్క కుర్చీలో ఉన్న దొరసాని తలాడించింది. ఎజ్రా మాస్టారు మాత్రం ఏటివైపు చూసి, "రేపు రామ్మా" అన్నారు.

రేపు వెళ్లింది. అదే జవాబుకి ఇంకా నగలు పెట్టి చెప్పింది. "రేపు రామ్మా." తాతయ్యని అడిగితే, నీ వాదంలో దోషం లేదే, ఆయనకే ఏదో పేచీ అన్నారు. ఆ వారమంతా వెళ్లింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, కూర్చునే అవకాశం లేక మోకాళ్లు పట్టేశాయి. చివరికి ఒక సాయంత్రం అదే జవాబు మళ్లీ చెప్తే, మాస్టారు చాలాసేపు తన మొహంలోకి చూసి, "సరేలే తల్లీ, కూర్చో" అన్నారు. అవునని కాదు, కాదని కాదు. బేరం కుదరక వదిలేసిన మనిషి గొంతు అది. పై చదువు చదివింది, కాలేజీలో ఫస్టున వచ్చింది, ఇక్కడే టీచరయింది, ఆయన పోయాక ఈ పరీక్ష తన చేతికే వచ్చింది. ఏటా అదే ప్రశ్న అడుగుతుంది. పిల్లలు ఏటా తను చెప్పిన జవాబే చెప్తారు, తను కూర్చో అంటుంది. కానీ ఆయనకి ఏం తక్కువైందో ఈ వయసొచ్చినా తెలీదు. ముల్లు విరిగి లోపల ఉండిపోయినట్టు, నడిస్తే నొప్పి ఉండదు, తడిమితే ఉంటుంది.

ఆయన కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆ సంగతి ఎందుకో ఇప్పుడు గుర్తొచ్చింది. పిల్ల నిలబడి ఉన్నంతసేపూ ఎజ్రా మాస్టారు కూడా కుర్చీ పక్కన నిలబడే ఉండేవారు. దొరసాని, కూర్చోండి ఎజ్రా గారూ అంటే, అలవాటులెండి అనేవారు. పిల్లలు చాటుగా నవ్వుకునేవారు, మాస్టారికి సెగ్గడ్డ లేచిందని. పెద్దయ్యాక ఒకసారి కాలవగట్టు మీద కలిసి నడుస్తూ అడిగింది, ఎందుకు మాస్టారూ మీరు కూర్చునేవారు కాదు అని. ఆయన సమాధానం చెప్పకుండా వేరే ఏదో అన్నారు. "మా అమ్మకి పడుకున్నా కాళ్లు నిలబడే ఉండేవమ్మా" అన్నారు. వయసు మీద పడి మాట దారి తప్పుతోందనుకుంది. అవతల గట్టు మీద గేదెలు దిగుతున్నాయి, ఆయన వాటిని చూస్తున్నారు. అప్పుడు వరి ఊడ్పుల రోజులు. ఊడ్పులంటే తనకి చిన్నప్పుడు తాతయ్య ఇంటి అరుగు మీద కూచుని అప్పజెప్పడమే జ్ఞాపకం. తెల్లవారేసరికి వీధి మొగలో జనం నిలబడి ఉండేవారు, తాతయ్య పాలేరు వెళ్లి నువ్వు, నువ్వు, నువ్వు అని పిలుచుకొచ్చేవాడు. మిగిలినవాళ్లు? వాళ్లు అక్కడే ఉండేవారు. మధ్యాహ్నం తను మంచినీళ్లకి లేచినప్పుడు కూడా ఉండేవారు. మొహాలు గుర్తులేవు. గోడలాగా, గుంజలాగా, వీధిలో ఉండే వస్తువుల్లాగా ఉండేవారు.

బయట ఎండుటాకుల మీద అడుగుల చప్పుడయింది. గంట కొట్టే బుల్లియ్య తాడు దగ్గరికి వెళ్తున్నాడు. సత్తిరాజుగారు ఇక ఆగలేక "ఆయ్" అని ఏదో అనబోయి, ఫణిశ్రీ చూపు చూసి నోరు మూసుకున్నారు. డేనియల్ తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు. అతనికీ ఇష్టం లేదు ఇలా అయిపోవడం. అయిపోయింది, అనుకుంది ఫణిశ్రీ. ఇక ఈ గదిలో ఎవరూ ఎవరినీ రేపు రమ్మనరు.

"వాళ్లు ఖాళీగా లేరండి" అంది సుప్రియ.

కిటికీలోంచి చూపు తిప్పలేదు. గొంతు చిన్నగా ఉంది గానీ వణకలేదు. "సాయంత్రం పిలిచినోళ్లు పొద్దున్నించీ ఊరికే ఉన్నారని అందరూ అంటారు కదండి. ఊరికే లేరండి. నిలబడ్డారండి. మా అమ్మా వాళ్లు తెల్లారకట్టే సెంటర్లో నిలబడతారండి, షెడ్డు ఆటో వస్తాదని. ఆటో నిండిపోయాక మిగిలినోళ్లు ఇంటికెళ్లరండి, ఇంకోటి వస్తాదేమోనని అలాగే ఉంటారండి. పనికెళ్లొచ్చిన రోజు మా అమ్మ అన్నం తిని నిద్రపోద్దండి. పని దొరకని రోజే కాళ్లు నొప్పులని పడుకోదండి." ఒక్క క్షణం ఆగింది. "ఆసామి ఇచ్చింది ఆఖర్న చేసిన పనికి కాదండి. నిలబడ్డదానికండి. అది దానం కాదండి, కూలేనండి."

గంట మోగింది. సత్తిరాజుగారు చెప్పులోంచి తీసిన కాలు మళ్లీ పెట్టడం మరిచిపోయారు, ఆయన మిల్లు గేటు దగ్గర కూడా పొద్దున్నే మనుషులు నిలబడతారు. డేనియల్ తలెత్తి సుప్రియని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఫణిశ్రీ మాత్రం తన చిన్నప్పటి గొంతే వింటోంది, పదహారేళ్ల పిల్ల గొంతు, ఆసామి, ఆసామి, ఆసామి అని. అన్ని రోజులు నిలబడి, అన్ని సార్లు చెప్పి, ఒక్కసారి కూడా ఆ సంతవీధి కేసి చూడలేదు. అరుగు మీద కూచుని చూసింది కథని. వీధి మొగలో ఉన్నవాళ్లలో ఎజ్రా మాస్టారి అమ్మ కూడా ఉందో లేదో ఇప్పుడు ఎవరిని అడుగుతుంది? ఆయన చెప్పొచ్చు, ఒక్క మాటలో చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. అందించకూడదు కదా. రేపు రమ్మన్నారంతే. ఆ రేపు ఇన్నేళ్లకి, మీసాలు నెరిసిన రైసుమిల్లు ఆసామి పక్కన, ఇవాళొచ్చింది. ఆయన పరీక్షని చెక్కుచెదరకుండా కాపాడుతున్నాననుకుంది తను. ప్రశ్నని కాపాడింది, నిశ్శబ్దాన్ని కాపాడింది, పిల్లల్ని నిలబెట్టడాన్ని కాపాడింది. ఆయన కూడా నిలబడేవారన్నది మాత్రం వదిలేసింది. కుర్చీ ఖాళీగా ఉంది కదా అని కూచుంది.

ఫణిశ్రీ లేచింది. కుర్చీ బరువైన టేకుది, జరిపితే నేల మీద కీచుమంది. దాన్ని ఈడ్చుకుంటూ వెళ్లి సుప్రియ వెనక వేసింది. డేనియల్ సాయం పట్టబోతే వద్దని చెయ్యి ఊపింది. "పరీక్ష మారుద్దాం డేనియల్‌గారూ, మీరన్నది నిజమే" అంది. "ప్రశ్న ఉంటుంది, ఊరుకోవడం ఉంటుంది. వచ్చే ఏటినించి కుర్చీ పిల్లలకి వేద్దాం. నిలబడేది మనం."

"కూర్చో అమ్మా" అంది సుప్రియతో.

సుప్రియ ఆ కుర్చీని చూసి, టీచరుగారిని చూసి, వాళ్లమ్మలాగే గోడవైపు ఒక అడుగు వేసింది. "పర్లేదండి, నిలబడతానండి."

"వద్దు తల్లీ. చాలాసేపు నిలబడ్డావు. కూర్చో."